ముక్కల బ్రెడ్‌కి ఊరు దొరికింది

జ్వరం వస్తే కొట్టుకెళ్లి తెచ్చుకునే బ్రెడ్ ప్యాకెట్‌లో ముక్కలన్నీ ఒకే మందంలో ఉంటాయి. ఇలా యంత్రంతో కోసి, కాగితం చుట్టిన బ్రెడ్‌ను మొదట అమ్మింది అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో, చుట్టూ పొలాలున్న చిల్లికాథి అనే చిన్న ఊళ్లో. తేదీ 1928 జులై 7. ఈ సంగతి చాలాకాలం ఆ ఊరివాళ్లకే గుర్తులేదు.

యంత్రం చేసినవాడు ఒట్టో రోవెడర్. 1880లో అయోవాలోని డావెన్‌పోర్ట్‌లో పుట్టాడు. కంటిచూపు పరీక్షల చదువు చదివి, చివరికి నగల వ్యాపారంలో స్థిరపడ్డాడు. మిస్సోరిలోని సెయింట్ జోసెఫ్‌లో మూడు దుకాణాలుండేవి. రొట్టె కోసే యంత్రం చేయాలన్న పట్టుదలతో ఆ మూడూ అమ్మేశాడు. ముక్క ఎంత మందం ఉంటే బాగుంటుందో చెప్పమని పత్రికల ద్వారా గృహిణులను అడిగాడు. వేలమంది రాసిన జవాబులు చూసి, అరంగుళానికి కాస్త తక్కువ అని తేల్చుకున్నాడు. ఇంతలో 1917లో, ఇల్లినాయ్‌లో యంత్రం తయారవుతున్న ఫ్యాక్టరీ తగలబడింది. నమూనా, నక్షలు బూడిదయ్యాయి. మళ్లీ డబ్బు కూడగట్టి నిలదొక్కుకోవడానికి పదేళ్లు పట్టింది.

అసలు చిక్కు కోయడంలో లేదు. వరసగా బిగించిన బ్లేడ్ల మధ్యకు రొట్టెను తోస్తే ఒక్కసారే ముక్కలవుతుంది. కానీ కోసిన రొట్టె గాలి తగిలి ఎండిపోతుంది. బేకరీల యజమానులు యంత్రం వద్దన్నది అందుకే. అందుకని 1927లో రోవెడర్ కోయడంతోపాటు కాగితం కూడా చుట్టే యంత్రం చేశాడు. అయినా కొనేవాళ్లు కరువే. చివరికి చిల్లికాథిలో బేకరీ నడుపుతున్న స్నేహితుడు ఫ్రాంక్ బెంచ్ సరేనన్నాడు. అప్పటికే అతని వ్యాపారం దివాలా అంచున ఉంది, కొత్తగా పోయేదేమీ లేదు.

అమ్మకానికి ముందురోజు ఊరి దినపత్రికలో ప్రకటన వచ్చింది. బ్రెడ్ ప్యాకెట్ ఎలా విప్పాలో కూడా అందులో చెప్పారు: కాగితం ఒక కొస విప్పండి, పిన్ను లాగండి, కావలసినన్ని ముక్కలు తీసుకోండి. ముక్కలు చెదిరిపోకుండా అప్పట్లో పిన్నులు గుచ్చేవారు మరి. రెండో యంత్రం కొన్న సెయింట్ లూయిస్ బేకరీ యజమాని గుస్టావ్ పాపెండిక్ పిన్నుల బదులు అట్టతో చేసిన చిన్న పళ్లెంలో ముక్కల్ని నిలబెట్టి ఆ ఇబ్బంది తీర్చాడు. 1930లో వండర్ బ్రెడ్ అనే బ్రాండ్ దేశమంతా ముక్కల బ్రెడ్ అమ్మడం మొదలుపెట్టింది. 1943 జనవరిలో, యుద్ధకాలపు పొదుపు పేరుతో ప్రభుత్వం దాన్ని నిషేధిస్తే, ఇల్లాళ్ల గోల తట్టుకోలేక రెండు నెలలు తిరక్కుండానే ఎత్తేసింది.

బ్రెడ్ ఊరూరికీ చేరింది గాని అది మొదలైన ఊరి పేరు మరుగునపడింది. మిషిగన్‌లోని బాటిల్ క్రీక్‌దే ఆ ఘనత అన్నవాళ్లూ ఉన్నారు. 2000 దశకం మొదట్లో చిల్లికాథి పత్రికలో పనిచేసే ఒకామె ఊరి చరిత్ర కోసం పాత సంచికలు తిరగేస్తుంటే 1928 నాటి వార్త, ప్రకటన కంటపడ్డాయి. బాటిల్ క్రీక్ వైపు అలాంటి కాగితం ఒక్కటీ బయటపడలేదు.

ఇక ఊరు ఊరుకోలేదు. ముక్కల బ్రెడ్ పుట్టిల్లు మాదేనని చాటుకుంది. రోవెడర్ తొలినాటి యంత్రాల్లో ఒకటి ఊళ్లోని గ్రాండ్ రివర్ హిస్టారికల్ సొసైటీ మ్యూజియంలో చూడొచ్చు. జులై 7ను ముక్కల బ్రెడ్ దినంగా మిస్సోరి శాసనసభ గుర్తించింది. ఏటా ఆ రోజుల్లో ఊళ్లో సంబరాలు. నిజానికి యంత్రాన్ని చేసినవాడు ఈ ఊరివాడు కాడు, యంత్రమూ ఇక్కడ పుట్టలేదు. ఎవరూ కొనని సరుకును ముందుగా నమ్మి కొన్న బేకరీ, అప్పుడే దాని సంగతి అచ్చేసిన పత్రిక, ఆ పాత సంచికలు పారేయకుండా దాచినవాళ్లు: చిల్లికాథి గొప్ప ఇంతే. పండగ చేసుకోవడానికి అది చాలు.