ఇసుకలో అక్షరాలు: సైనికుని బిడ్డ చదువుకు రెండు శతాబ్దాల చరిత్ర

యూనిఫాం వేసుకున్న ప్రతివాడి మనసులోనూ ఒక ప్రశ్న ఉంటుంది. బయటికి మాత్రం అనడు. "నాకేమన్నా అయితే పిల్లల చదువు ఎవరు చూస్తారు?" ఈ ప్రశ్నకు మన దేశంలో రెండు వందల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. అందులో ఒక ముఖ్యమైన అధ్యాయం మనవాళ్ళు ఒకప్పుడు రాజధానిగా ఎరిగిన మద్రాసులోనే నడిచింది.

ఈస్టిండియా కంపెనీ పటాలాల్లోని తెల్ల సిపాయిలు యుద్ధాల్లోనూ, జబ్బులతోనూ చనిపోతే వాళ్ళ పిల్లలు దిక్కులేనివాళ్ళయ్యేవారు. ఆ పిల్లల్లో చాలామందికి తల్లి భారతీయురాలే. అలాంటి మగపిల్లల కోసం ఎగ్మూరులో అనాథాశ్రమం పెట్టారు. 1789లో ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు జీతం వద్దని చెప్పి దాని బాధ్యత తీసుకున్నాడు. అక్కడి వీధిబడి పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతుంటే చూసి, తన ఆశ్రమంలోనూ అలాగే నేర్పమన్నాడు. పంతుళ్ళు కుదరదన్నారు. అప్పుడు జాన్ ఫ్రిస్కెన్ అనే 8 ఏళ్ళ కుర్రవాడికి చిన్నపిల్లల తరగతి అప్పజెప్పాడు. వాడూ ఒక సిపాయి కొడుకే. పెద్దవాళ్ళు కాదన్న పనిని ఆ పిల్లవాడు చేసి చూపించాడు. బెల్ ఆ అనుభవాన్ని 1797లో లండన్‌లో అచ్చు వేయించాడు. 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో అది ఇంగ్లండులో వందలాది బడులకు పాకింది. ఇసుకలో ఓనమాలు దిద్దించడం మన తెలుగు వీధిబడులకూ తెలిసిన విద్యే కదా! మన వీధిబడి చదువు తండ్రిలేని సైనికుల పిల్లల చేతుల మీదుగా సముద్రాలు దాటిందన్నమాట.

ఇంత మంచి పనిలోనూ ఒక లోటు ఉంది. ఆ ఆశ్రమంలో చోటు తెల్ల సిపాయి బిడ్డకే. మద్రాసు సైన్యంలో మన తెలుగువాళ్ళు వేలాదిగా పనిచేశారు. ఉత్తరాదిన సిపాయి అంటే 'తిలంగా' అనే పేరే పడిపోయింది. అయినా అదే సైన్యంలో ప్రాణం వదిలిన తిలంగా బిడ్డకు ఆ తలుపు తెరుచుకోలేదు. 1847లో హెన్రీ లారెన్స్ సిమ్లా కొండల దగ్గర సనావర్‌లో స్థాపించిన ఆశ్రమానిదీ ఇదే కథ. ఎగ్మూరు ఆశ్రమం తరువాతి కాలంలో ఊటీలోని లారెన్స్ ఆశ్రమంలో కలిసిపోయింది. అదే నేటి లవ్‌డేల్ లారెన్స్ స్కూలు.

భారతీయ సైనికుని కొడుక్కి తలుపు తెరుచుకోవడానికి మొదటి ప్రపంచయుద్ధం దాకా ఆగవలసి వచ్చింది. ఆ యుద్ధంలో మనవాళ్ళు లక్షల్లో పాల్గొన్నారు. ఆ తరువాత 1920లలో జలంధర్, జీలంలలో, 1930లో అజ్మీర్‌లో కింగ్ జార్జ్ మిలిటరీ స్కూళ్ళు మొదలయ్యాయి. 1945లో బెల్గాం, 1946లో బెంగళూరు చేరాయి. నేటి రాష్ట్రీయ మిలిటరీ స్కూళ్ళకు మూలం ఇవే. కానీ అక్కడా కొడుకులకే చోటు. ఈ స్కూళ్ళలోకి ఆడపిల్లలు అడుగుపెట్టింది 2022లో.

అసలైన మలుపు 1971. యుద్ధంలో మరణించిన, గల్లంతైన, శాశ్వతంగా వికలాంగులైన సైనికుల పిల్లల చదువు ఖర్చు ప్రభుత్వమే భరిస్తుందని ఆ డిసెంబరులో లోక్‌సభలో ప్రకటించారు. ట్యూషన్ ఫీజు, హాస్టలు, పుస్తకాలు, యూనిఫాం అన్నీ అందులోనే. శ్రీలంకలో ఆపరేషన్ పవన్, సియాచిన్‌లో ఆపరేషన్ మేఘదూత్ అమరుల పిల్లలకూ తరువాత దీన్ని వర్తింపజేశారు. అప్పటిదాకా దాతల దయగా ఉన్నది ఆనాటినుంచి ప్రభుత్వం ఇచ్చిన మాట అయింది. మాట అయింది గనుకనే 2017లో ట్యూషన్, హాస్టలు ఖర్చుకు నెలకు 10,000 రూపాయల పరిమితి పెట్టినప్పుడు అభ్యంతరం చెప్పే హక్కు మనకు ఉంది. నాటి నౌకాదళాధిపతి అడ్మిరల్ సునీల్ లాంబా స్వయంగా రక్షణమంత్రికి లేఖ రాశారు. 2018 మార్చిలో ఆ పరిమితి ఎత్తేశారు. దాత చెయ్యి వెనక్కి తీసుకుంటే అడగలేం. ఇచ్చిన మాట తప్పితే అడగగలం. తేడా అంతా ఇక్కడే ఉంది.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. యుద్ధంలో పోయినవాడి బిడ్డకు మాట ఉంది. మరి పదిహేడేళ్ళు సర్వీసు చేసి ఇంటికొచ్చి, రోడ్డు ప్రమాదంలోనో జబ్బుతోనో పోయిన హవల్దారు బిడ్డకో? తల్లి కూడా లేకపోతే? కేంద్రీయ సైనిక బోర్డు ద్వారా మాజీ సైనికుల అనాథ పిల్లలకు నెలకు 1,000 రూపాయలుగా ఉన్న సాయాన్ని 3,000 చేశారు. హవల్దారు స్థాయి వరకు ఇద్దరు పిల్లలకు ఇచ్చే విద్యాసాయం 2025 నవంబరు నుంచి నెలకు 1,000 నుంచి 2,000 అయింది. సంతోషమే. కానీ నేటి హాస్టలు ఫీజుల ముందు ఇది ఏపాటి?

పైగా ఆ కాస్తా అందాలన్నా కాగితాలు కావాలి. డిశ్చార్జి బుక్కు ఎక్కడుందో తెలియదు. పార్ట్-2 ఆర్డర్‌లో బిడ్డ పేరు పడి ఉండదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఎక్కడో ఆ ఇంటి ముసలి తాతకు తెలియదు. పథకం ఉండీ బిడ్డ చదువు ఆగిపోతుంది.

మన పల్లెల్లో 'వారాలు' అనే పద్ధతి ఉండేది. దిక్కులేని పిల్లవాడు చదువుకుంటానంటే వారానికి ఏడు ఇళ్ళు, రోజుకొక ఇల్లు అన్నం పెట్టేవి. ఏ ఇంటికీ బరువు తెలిసేది కాదు, పిల్లవాడు మాత్రం చదువుకునేవాడు. మనం చేయవలసిందీ అంతే. ఒక బిడ్డకు మనలో ఏడు కుటుంబాలు. ఒకరు ఫీజు, ఒకరు పుస్తకాలు, ఒకరు హాస్టలు చూసుకుంటారు. డబ్బు ఇవ్వలేని పెన్షనరు ఆ తాత చెయ్యి పట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్ళి ఫారం నింపితే అదీ ఒక వారమే.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు ఒక మాట. ఈసారి సెలవు మీద ఇంటికెళ్ళినప్పుడు మీ కాగితాల్లో పిల్లల పేర్లు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. మీ ఊళ్ళో తండ్రిలేని సైనికుని బిడ్డ ఉంటే ఏ తరగతి చదువుతున్నాడో, చదువుతున్నదో అడిగి రండి.

"ఎవరి బిడ్డ?" అని అడిగి మద్రాసులో ఒకనాడు తలుపు మూసేవారు. ఆ ప్రశ్నకు "మన బిడ్డే" అన్న జవాబు మన దగ్గర సిద్ధంగా ఉండాలి.

జై హింద్!