మాతృ మరణాలు (భారతదేశం)

గర్భిణిగా ఉండగా గానీ, కాన్పు లేదా గర్భస్రావం జరిగిన 42 రోజుల్లోపు గానీ, ప్రమాదాల వంటివి కాక గర్భసంబంధ కారణాలతో సంభవించే మరణాలు. లక్ష సజీవ జననాలకు ఎన్ని అని లెక్కిస్తారు. నమూనా నమోదు వ్యవస్థ ప్రకారం 2004–06లో 254గా ఉన్న ఈ నిష్పత్తి 2018–20కి 97కు దిగింది. జాతీయ సగటును చూసి సంతోషించడం తొందరపాటే: అప్పటికి కేరళలో 19, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45 కాగా, అస్సాంలో 195.

2005లో మొదలైన జననీ సురక్షా యోజన, ఆశా కార్యకర్తలు, 108 అంబులెన్సుల తోడ్పాటుతో ఆసుపత్రి కాన్పులు బాగా పెరిగాయి. అయినా కాన్పు తర్వాతి అధిక రక్తస్రావం గంటల్లోనే ప్రాణం తీయగలదు; రక్తహీనత ఉన్న బాలింత కొద్దిపాటి నష్టాన్నీ తట్టుకోలేదు. రక్తస్రావాన్ని అదుపుచేసే ఆక్సిటోసిన్ సూది, నిల్వ రక్తం చేతికందే దూరంలో ఉండాలి. గుర్రపువాతం (అధిక రక్తపోటుతో వచ్చే మూర్ఛలు), సూతికా జ్వరం (కాన్పు తర్వాతి ఇన్ఫెక్షన్) ఇతర ముఖ్య కారణాలు.