కృతజ్ఞతల వాక్యంలో మేరీ

డిజిటల్ కమ్యూనికేషన్ పాఠాల్లో మొదట వినిపించే పేరు క్లాడ్ షానన్. నాకూ అలాగే తెలుసు: 1948 నాటి సిద్ధాంతం, బిట్, ఎంట్రోపీ. 1951లో ఆయన రాసిన మరో వ్యాసం మాత్రం చాలా ఆలస్యంగా చదివాను.

అచ్చయిన ఇంగ్లీషులో ఒక్కో అక్షరం నిజంగా ఎంత సమాచారం మోస్తుందో అందులో లెక్కకట్టాడు. యంత్రంతో కాదు, మనుషులతో. రాసింది దాచిపెట్టి, తర్వాత వచ్చే అక్షరమేదో ఊహించమన్నాడు. తప్పితే అసలు అక్షరం చెప్పి ముందుకు సాగడమే. ఒక ప్రయోగంలో, ఖాళీలతో కలిపి 129 అక్షరాల్లో 89 సరిగ్గా చెప్పగలిగారు. అవతలివాళ్లు ఊహించగలిగినదాన్ని పంపడమెందుకు? సందేశాన్ని కుదించి పంపే విద్యకు మూలం ఇక్కడుంది. ముందున్న వంద అక్షరాలు తెలిస్తే, తర్వాతి అక్షరానికి సుమారు ఒక్క బిట్ చాలునన్నాడు.

అంటే కొలబద్ద ఊహించేవాళ్ల భాషాజ్ఞానమే. వ్యాసంలో వాళ్లకు పేరు లేదు. కృతజ్ఞతల వాక్యంలో మాత్రం రెండు పేర్లున్నాయి: శ్రీమతి మేరీ ఇ. షానన్, డాక్టర్ బి.ఎం. ఆలివర్. ప్రయోగాల్లో సాయానికే కాదు, సిద్ధాంతం మీద చేసిన సూచనలకూ విమర్శలకూ కూడా!

'శ్రీమతి' అని చూడగానే ఇంటావిడ చేసిన సాయమనుకుని దాటిపోతాం. అందరూ బెట్టీ అని పిలిచిన మేరీ గణితం చదివి బెల్ ల్యాబ్స్‌లో పనిచేసింది. పెళ్లయిన ఏడాదే, 1949లో, సంభావ్యత లెక్కలతో సంగీతం కూర్చడం గురించి జాన్ పియర్స్‌తో కలిసి నివేదిక రాసింది.

ఆమె విమర్శలు వ్యాసంలో ఏ వాక్యాన్ని మార్చాయో ఆ కృతజ్ఞతలు చెప్పవు.