పంపు పైన, నీళ్లు కింద: ఒక కారును దాని సంఘం బతికించిన చరిత్ర

మన చరిత్ర వ్యాసాల్లో ఈసారి కాస్త దూరం వెళ్దాం. ఇంగ్లండులోని కోవెంట్రీలో పుట్టిన ఒక స్పోర్ట్స్ కారు, దాని పరువు తీసిన నీటి పంపు, కంపెనీ చేతులెత్తేశాక ఆ కారును నిలబెట్టుకున్న ఒక సంఘం గురించి చెప్పుకుందాం. చివర్లో మన సంఘం ముందు ఒక పని పెడతాం. అందుకే ఓపికగా చివరిదాకా చదవమని మనవి.

కథ దూరపుదే అయినా మద్రాసులో ఉన్న మనవాళ్లకు దీనితో చుట్టరికం ఉంది. పాతకాలం వాళ్లకు స్టాండర్డ్ హెరాల్డ్ గుర్తుండే ఉంటుంది. 1961 నుంచి ఇక్కడే తయారైన కారు. కోవెంట్రీ వాళ్ల ట్రయంఫ్ హెరాల్డ్‌కు అది మన దేశపు రూపం. దాని ఆకారం గీసినవాడు ఇటలీలో టురిన్ నగరానికి చెందిన జొవాన్ని మికెలొట్టి. మనం చెప్పుకోబోయే ట్రయంఫ్ స్టాగ్‌నూ ఆయనే గీశాడు. ఇంకో చుట్టరికం కూడా ఉంది. 1961లో స్టాండర్డ్-ట్రయంఫ్ కంపెనీ లేలాండ్ చేతికి వెళ్లింది. మన ఎణ్ణూరులోని అశోక్ లేలాండ్ పేరులో సగం ఆ లేలాండ్‌దే.

స్టాగ్ 1970లో మార్కెట్లోకి వచ్చింది. నలుగురు కూర్చోగలిగిన టాపు లేని కారు, మూడు లీటర్ల వీ8 ఇంజను, 145 హార్స్‌పవర్. 1971లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా 'డైమండ్స్ ఆర్ ఫరెవర్'లో హీరో నడిపింది ఈ కారునే. అంత దర్జాగా మొదలైన బండికి కొద్ది కాలంలోనే చెడ్డపేరు వచ్చేసింది. దారిలో ఇంజను వేడెక్కిపోవడం, హెడ్ గాస్కెట్ పోవడం, అల్యూమినియం హెడ్ వంకరపోవడం మామూలయ్యాయి. అమెరికాలో 1973 తరవాత అమ్మకం ఆపేశారు. 1977లో తయారీయే ఆగిపోయింది. మొత్తం మీద తయారైనవి 26 వేలకు కొంచెం తక్కువ.

తప్పు ఎక్కడుంది? దీనికి ఇంజను పుట్టుక దగ్గరికి వెళ్లాలి. ట్రయంఫ్ వాళ్లు ఒకే నమూనా మీద రెండు ఇంజన్లు చేయాలనుకున్నారు. ఒకటి 45 డిగ్రీలు పక్కకు వాలిన నాలుగు సిలిండర్లది. రెండోది అలాంటివి రెండు జతచేసినట్టుండే వీ8. నాలుగు సిలిండర్లది స్వీడన్‌లోని సాబ్ కంపెనీ తన 99 కారుకు తీసుకుంది. వీ8 స్టాగ్‌లోకి వచ్చింది. రెండింటిలోనూ నీటి పంపును ఇంజను లోపలి షాఫ్టు నుంచి పళ్లచక్రంతో తిప్పారు. హెరాల్డ్ ఇంజనులో పంపు ముందు వైపున ఉండి బెల్టుతో తిరిగేది. స్టాగ్‌లో అది రెండు సిలిండర్ల వరసల నడుమ, ఇంజను నెత్తిన కూర్చుంది. ఆ చోటు రేడియేటర్ పైభాగం కన్నా ఎత్తు.

ఇక్కడే ఉంది చిక్కు. పొలాల్లో మోటారు నడిపినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. పంపులోకి గాలి చేరిందంటే మోటారు గిర్రున తిరుగుతూనే ఉంటుంది, పైపులోంచి చుక్క రాదు. పైనుంచి నీళ్లు పోసి గాలి వెళ్లగొడితేనే మళ్లీ ఎత్తుకుంటుంది. స్టాగ్‌లోనూ అదే జరిగింది. ఎక్కడో ఒక క్లిప్పు దగ్గరో పాత గొట్టం దగ్గరో కొంచెం నీరు కారితే చాలు, అన్నిటికన్నా ఎత్తులో ఉన్న పంపే ముందు ఎండిపోయేది. నీరు తిరగడం ఆగితే హెడ్లలో ఆవిరి పుట్టి, ఉన్న నీటిని కూడా బయటికి తోసేది. వేడి చూపే మీటరు నీళ్లలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది, గాలిలో ఉంటే దాని మాట నమ్మలేం. డ్రైవరుకు సంగతి తెలిసేసరికి హెడ్ వంగిపోయేది.

తప్పంతా పంపు మీదే నెట్టడం కూడా న్యాయం కాదు. కొన్ని ఇంజన్లలో పోతపోసినప్పటి ఇసుక పూర్తిగా కడగకుండానే ఉండిపోయింది. అది మెల్లగా వచ్చి రేడియేటర్ సన్న గొట్టాలను మూసేసేది. బ్లాకు పోత ఇనుముది, హెడ్లు అల్యూమినియంవి. రెండు లోహాల మధ్య ఉత్త నీళ్లు ఉంటే అల్యూమినియం తినేస్తుంది. అందుకని తుప్పు ఆపే కూలెంట్ ఏడాది పొడుగునా ఉండాలి. వేసవి వచ్చిందని దాన్ని తీసేసి కుళాయి నీళ్లు పోసిన ఇంజన్లు లోపలినుంచే పాడయ్యాయి. వీటికి తోడు అప్పటి బ్రిటిష్ లేలాండ్‌లో సమ్మెలు, డబ్బు ఇబ్బందులు. 1975లో ఆ కంపెనీ ప్రభుత్వం చేతికి వెళ్లింది.

సాబ్ వాళ్లు ఏం చేశారో చూడండి. 1972లో ఆ ఇంజనును మార్చి, తయారీని తమ దేశానికే తెచ్చుకున్నారు. 1981లో మరోసారి మార్చి ఆ లోపలి షాఫ్టునే తీసేశారు. పంపు ఇంజను బయటికి, బెల్టు మీదికి వచ్చింది. కంపెనీ బతికి ఉండి, మనసు పెడితే అలా చేయగలదు. స్టాగ్ యజమానులకు ఆ అదృష్టం లేదు. వాళ్ల బండి అప్పటికే ఆగిపోయింది.

కొందరు విసిగి ఆ ఇంజనునే పీకేసి రోవర్ కంపెనీ వీ8ను పెట్టుకున్నారు. మిగతావాళ్లు 1979లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. దాని పేరు స్టాగ్ ఓనర్స్ క్లబ్. పత్రిక పెట్టుకున్నారు, ఊరూరా కలుసుకున్నారు, ఎవరి బండికి ఏం జరిగిందో ఒకరికొకరు చెప్పుకున్నారు. ఇలా సభ్యులూ, మెకానిక్కులూ, విడిభాగాలవాళ్లూ కలిసి ఏళ్ల తరబడి కూడబెట్టిన తెలివి ఇప్పుడు ఆ కారు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉంది.

ఆ తెలివి ఏమిటంటే: ముందు బ్లాకును బాగా కడిగి ఇసుకా తుప్పూ వదిలించాలి. రేడియేటర్ పాతదైతే మార్చాలి. నీరు పోసేటప్పుడు ఎత్తైన చోటి బిరడా తీసి గాలి పూర్తిగా పోనివ్వాలి. పంపు రెక్కలకూ మూతకూ మధ్య సందు ఎక్కువైతే నీరు సరిగా తోయదు కనుక, గాస్కెట్ మందం చూసుకుని ఆ సందు సరిచేయాలి. కూలెంట్‌ను మానకుండా మార్చాలి. కొందరు నీటి డబ్బాను పంపు కన్నా ఎత్తులోకి జరిపారు. కొందరు నీరు తగ్గగానే హెచ్చరించే దీపం పెట్టుకున్నారు. ఇంకొందరు పాత పంపును తీసేసి కరెంటుతో నడిచేది అమర్చుకున్నారు. పంపు చక్రానికి 12 రెక్కలు మంచివా, 6 మంచివా అన్న వాదన మాత్రం తెగలేదు. సంఘమన్నాక ఒక వాదనైనా మిగలాలి కదా!

ఫలితం కళ్ల ముందే ఉంది. కంపెనీ ఎప్పుడో పోయింది. బ్రిటన్ రోడ్ల మీద ఈనాటికీ వేల స్టాగ్‌లు తిరుగుతున్నాయి. సరిగ్గా చూసుకుంటే నమ్మకమైన బండి అని దాన్ని నడిపేవాళ్లే చెబుతారు.

ఇక మన సంగతి. తమిళ, కన్నడ దేశాలకు తరతరాల కిందటే వచ్చిన మనవాళ్లలో బావులు తవ్వినవాళ్లు, చెరువు కట్టలు పోసినవాళ్లు, రాయి కొట్టినవాళ్లు ఉన్నారు. ఒడ్డెవాళ్లు తెలియని ఊరుందా? నేసినవాళ్లు, లారీలు నడిపినవాళ్లు, వర్క్‌షాపుల్లో చేతులు నల్లచేసుకున్నవాళ్లు ఉన్నారు. ఆ పనుల తెలివి, ఆ పనిముట్ల పేర్లు ఇళ్లలో తెలుగులోనే నడిచాయి. ఇప్పుడు పిల్లలకు తెలుగు మాట వస్తున్నా అక్షరం రావడం లేదు. పెద్దాయన వెళ్లిపోయిన రోజున ఆ మాటలూ ఆయనతోనే వెళ్లిపోతున్నాయి. మనం ఉగాదికి పాటలు పాడతాం, పచ్చడి పంచుతాం, ఫోటోలు దాస్తాం. పని మాటలను దాచడం లేదు.

స్టాగ్ సంఘం చేసింది పెద్ద పరిశోధన కాదు. తెలిసినవాళ్ల దగ్గర కూర్చుని అడిగారు, రాసుకున్నారు, పక్కవాడికి అందించారు. మనమూ అదే చేద్దాం. మీ ఇంట్లో ఇలాంటి పని తెలిసిన తాతో, మామ్మో, పెదనాన్నో, మేనమామో ఉంటే ఈ నెలలోనే కూర్చోబెట్టి ఫోనులో మాట రికార్డు చేయండి. ఏ పనిముట్టును ఏమంటారు, ఏది చెడిపోతే ఎలా కనిపెడతారు, ఎలా బాగుచేస్తారు అని అడగండి. తెలుగు రాయడం రానివాళ్లు ఆ రికార్డు పంపితే చాలు, రాసిపెట్టే పని మేము చూసుకుంటాం. పంపు ఎండకముందే నీళ్లు పోయాలి.