డిగ్రీకి, సర్కారు కొలువుకి ముడి వేసిందెవరు?

నోటిఫికేషన్ పడగానే మనం మొదట చూసేవి రెండు. పోస్టులెన్ని, వయసెంత. ఫలానా తేదీ నాటికి ఇన్నేళ్ళు దాటకూడదు అని ఒక లైన్ ఉంటుంది చూడండి, నాలుగు రోజుల తేడాతో ఆ లైన్ అవతల పడిపోయినవాళ్ళు మీ రూమ్‌లోనో, మీ స్టడీ హాల్లోనో ఒక్కరైనా ఉంటారు. ఈ రోజు కథ ఆ లైన్ గురించే. నూట యాభై ఏళ్ళ కిందటే అది ఒక కుర్రాడి దారి మార్చేసింది. అతని దగ్గరికి వెళ్ళే ముందు, అసలు చదివితే సర్కారు ఉద్యోగం రావాలి అనే ఆలోచన ఎక్కడ పుట్టిందో చూద్దాం.

కంపెనీ పాలన తొలి రోజుల్లో కచేరీల్లో పారశీకి చాలా విలువ. 1837లో పారశీ స్థానం పోయింది. 1844 అక్టోబరులో గవర్నర్ జనరల్ హార్డింజ్ ఇంకో ఉత్తర్వు ఇచ్చాడు. సర్కారు కొలువుల్లోకి తీసుకునేటప్పుడు ఇంగ్లీషు చదువు చదివినవాళ్ళకే ముందు చోటు. ముడి పడింది ఇక్కడే. మన మీద ప్రేమతో కాదులెండి. ఆఫీసులు పెరుగుతున్నాయి, ప్రతి గుమాస్తానీ ఓడెక్కించి ఇంగ్లండ్ నుంచి తేవాలంటే తడిసిమోపెడవుతుంది.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు వచ్చాయి. విశ్వవిద్యాలయం అనగానే పెద్ద క్యాంపస్ ఊహించుకోకండి. పాఠాలు చెప్పేది కాలేజీలు. యూనివర్సిటీ పని పరీక్ష పెట్టడం, పట్టా ఇవ్వడం. 1858లో కలకత్తా తొలి బి.ఏ. పరీక్షలో గట్టెక్కింది ఇద్దరే. అదీ ఒక పేపర్లో తప్పితే గ్రేస్ మార్కులు కలిపి పాస్ చేశారు! ఆ ఇద్దరిలో ఒకరు బంకించంద్ర ఛటర్జీ. అదే ఏడాది డిప్యూటీ మేజిస్ట్రేట్ ఉద్యోగం వచ్చింది, ముప్పై ఏళ్ళకు పైగా ఆ సర్వీసులోనే ఉన్నారు. అంత పెద్ద నవలాకారుడికీ నెల జీతం కచేరీదే.

మన వైపు ఈ పిచ్చి ఎలా ఉండేదో చూడాలంటే కన్యాశుల్కం చాలు. 1892లో మొదట ఆడారు. వెంకటేశం పల్లెటూరి నుంచి విజయనగరం వెళ్ళి ఇంగ్లీషు చదువుతాడు, పరీక్ష తప్పుతాడు, పాఠాలు చెప్తానని గిరీశం వాడి వెంట ఇంటికి తయారవుతాడు. ఆ నవ్వుల వెనక కొడుకు చదువు మీద డబ్బు పోస్తున్న ఇల్లు ఒకటుంది. ఆ ఇల్లు మనందరికీ తెలిసిందే కదా.

ఇక అసలు పెద్ద కొలువు ఐ.సి.ఎస్. 1853 చట్టంతో అది పోటీ పరీక్ష అయింది, 1855లో మొదటి పరీక్ష జరిగింది. కాగితం మీద ఎవరైనా రాయొచ్చు. సెంటర్ మాత్రం లండన్! ఇంట్లోవాళ్ళు డబ్బు సర్దాలి, సముద్రం దాటితే కులంలో వెలి వేస్తారేమోనన్న భయం దాటాలి, ఇంగ్లీషు కుర్రాళ్ళతో వాళ్ళ భాషలో పోటీ పడాలి. 1863లో సత్యేంద్రనాథ్ టాగోర్ నెగ్గారు. రవీంద్రుడి అన్న. నెగ్గిన మొదటి భారతీయుడు ఆయనే.

గరిష్ఠ వయసు మొదట 23. తర్వాత 22 చేశారు, 1866లో 21 చేశారు.

1869లో మనవాళ్ళు నలుగురు నెగ్గారు. అందులో సురేంద్రనాథ్ బెనర్జీ ఒకరు. పుట్టింది 1848 నవంబరులో. 1863 చివర ఎంట్రన్స్ పరీక్షకి వయసు 16 అని రాసి ఉంది. ఆ లెక్కన లండన్ పరీక్ష నాటికి 21 దాటేశాడు, కాబట్టి చెల్లదు అన్నారు కమిషనర్లు. ఇక్కడ తిరకాసు ఏంటంటే, మన ఇళ్ళల్లో పిల్లాడి వయసు ఎలా చెప్తాం? వాడికి పదహారో ఏడు నడుస్తోంది అంటాం. అంటే నిండినవి పదిహేనే. బెంగాల్లోనూ అదే అలవాటు. ఇంగ్లీషువాళ్ళు నిండిన ఏళ్ళే లెక్కపెడతారు. నడుస్తున్న ఏడుకీ నిండిన ఏడుకీ మధ్య ఒక కెరీర్ ఇరుక్కుపోయింది! బొంబాయి వైపు నుంచి వచ్చిన శ్రీపాద్ బాబాజీ ఠాకూర్‌కీ ఇదే గతి. సురేంద్రనాథ్ లండన్‌లోనే క్వీన్స్ బెంచ్ కోర్టుకి వెళ్ళారు. కమిషనర్లు దిగొచ్చారు, ఇద్దరికీ చోటు తిరిగి దక్కింది.

హ్యాపీ ఎండింగ్ అనుకుంటున్నారా? 1871లో సిల్హెట్‌లో పోస్టింగ్. 1874లో డిస్మిస్. ఒక కేసు రికార్డు తప్పుగా తయారైంది, దాని మీద సంతకం ఈయనది. తప్పు అసలు లేదని నేను అనను. కానీ అదే తప్పు ఇంగ్లీషు అధికారి చేస్తే మందలించి వదిలేసేవారు అని అప్పట్లో చాలామంది అనుకున్నారు, నాకూ అలాగే అనిపిస్తుంది. లండన్ వెళ్ళి మొరపెట్టుకున్నా వినలేదు. పోనీ బారిస్టర్ అవుదామంటే, డిస్మిస్ అయినవాడివని ఆ తలుపూ వేశారు. అప్పటికి ఆయనకి ఇంకా ఇరవై ఏడు నిండలేదు.

1875లో విద్యాసాగర్ తన కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే పని ఇచ్చారు. అక్కడి నుంచి సురేంద్రనాథ్ మళ్ళీ మొదలుపెట్టారు. 1876లో ఇండియన్ అసోసియేషన్ పెట్టారు. అంతలో ఐ.సి.ఎస్. వయసు 19కి దించుతున్నట్టు ప్రకటన వచ్చింది. పంతొమ్మిదేళ్ళలోపు ఇక్కడ చదువు ముగించి లండన్ వెళ్ళి నెగ్గేది ఎవరు? ఈయన ఊరూరా తిరిగి సభలు పెట్టారు. వేర్వేరు రాష్ట్రాల చదువుకున్న కుర్రాళ్ళు ఒకే డిమాండ్ మీద కలవడం అప్పటికి కొత్త. చివరికి 1892 నుంచి వయసు మళ్ళీ 23 అయింది.

కొలువుల లెక్క మన రాష్ట్రాల చరిత్రలోకీ వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీ ఉద్యోగాల్లో తెలుగువాళ్ళు ఎందుకింత తక్కువ అని గుంటూరు కుర్రాళ్ళు మాట్లాడుకున్న మాటలు ముదిరి, 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ దాకా వచ్చాయి. అటు నిజాం రాజ్యంలో ముల్కీ నిబంధనల వెనక ఉన్నదీ ఉద్యోగమే. అదంతా ఇంకో ఎపిసోడ్‌కి సరిపడా ఉంది.

లండన్‌తో పాటు ఇక్కడా పరీక్ష పెట్టండి అని ఎన్నేళ్ళు అడిగారో. 1922లో అలహాబాద్‌లో పెట్టారు. అప్పటికి సురేంద్రనాథ్ బెంగాల్‌లో మంత్రి. వయసు డెబ్బై మూడు. నిండినవే చెప్తున్నాను.