కల్లుపాక దయ్యాలు



తెలుగు వాచకంలో ప్రకృతి, వికృతుల పట్టిక చెప్పేటప్పుడు పిల్లలు ఒకచోట తప్పకుండా నవ్వేవారు. దైవము ప్రకృతి, దయ్యము దాని వికృతి. దేవుడూ దయ్యమూ ఒక్క మాటేనా మాస్టారూ అని వెనుక బల్లలవారు అడిగేవారు. వ్యాకరణం మేరకు ఒక్కటే. అయితే ఒకే మాట ఒకచోట గుడిలోకీ, మరొకచోట చింతచెట్టు మీదికీ ఎలా వెళ్ళిందన్నది వ్యాకరణం చెప్పదు, చరిత్ర చెప్పాలి. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల నడుమ జీవితం గడిపిన నాకు ఆ చరిత్ర పాత కల్లుపాకల దగ్గరా, సారాకొట్ల దగ్గరా కొంత దొరికినట్లు తోచింది. ఈ టపా దాని గురించే.

మా ప్రాంతంలో పాతబడిన కల్లుపాకకు ఒక దయ్యమైనా లేకపోతే పరువు తక్కువ. కాలువగట్టు మీద కూలిన పాక ఉంటే అక్కడ రాత్రివేళ ముంతలు మోగుతాయంటారు. తాటితోపులో చెట్టు మీదినుంచి ఎవరో పేరుపెట్టి పిలుస్తారంటారు. మూతపడిన సారాకొట్టు అరుగు మీద ఒక మనిషి కూర్చుని చుట్టకు నిప్పు అడుగుతాడనీ, ఇస్తే చెయ్యి కనపడదనీ అంటారు. కొల్లేటి అంచున ఉన్నవారికి కొరివిదయ్యాలు అదనం. చిత్తడి నేలలో నాచూ ఆకులూ కుళ్ళి మీథేను వాయువు పుడుతుందనీ, అటువంటి వాయువులు చీకట్లో మినుకుమనడమే కొరివిదయ్యమనీ శాస్త్రజ్ఞులు చెబుతారు. చేపల కోసం లాంతరు పెట్టుకుని పోయే దోనె కూడా, తాగి గట్టు మీద తూలుతున్నవాడికి కొరివిదయ్యంలాగే కనిపిస్తుంది.

నవ్వుకుని వదిలేయదగిన కథలే ఇవి. కాని ఒక సంగతి గమనించండి. ఈ కథలన్నిటిలోనూ దయ్యమైనవాడు ఒకప్పుడు బతికి ఉన్న మనిషి. ఎవడో చెట్టు మీదినుంచి పడ్డాడు, ఎవడో కాలువలో పడ్డాడు, ఎవడో కొట్టు ముందరే రక్తం కక్కుకున్నాడు. కథలో చావు నిలిచింది, చచ్చినవాడి పేరు మాత్రం పోయింది.

ఇందుకు పూర్తిగా ఎదురైన కథ కూడా కొల్లేటిలోనే ఉంది. సరస్సు నడుమ కొల్లేటికోటలో గజపతుల కోట ఉండేదనీ, శత్రుసైన్యం సరస్సు ఒడ్డున చిగురుకోట దగ్గర విడిసిందనీ ఐతిహ్యం. నీటిని సముద్రంలోకి వదిలేందుకు ఉప్పుటేరును తవ్వించిన సేనాని, పని సఫలం కావాలని తన కూతురినే బలి ఇచ్చాడట. అందుకే ఆ కాలువకు పేరంటాల కనుమ అని పేరు వచ్చిందంటారు. ఇది ఐతిహ్యమే, శాసనం కాదు. కాని ఆ పిల్ల దయ్యం కాలేదు, పేరంటాలయింది. ఆమె చావుకు కారణం ఫలానా అని ఊరు ఒప్పుకుంది, ఒక కాలువకు ఆమె గుర్తుగా పేరు పెట్టుకుంది. నాకు తోచినంతలో దైవానికీ దయ్యానికీ మధ్య ఉన్న తేడా ఇదే. నలుగురూ ఒప్పుకున్న చావు పేరంటాలవుతుంది, ఎవరూ ఒప్పుకోని చావు దయ్యమవుతుంది.

మొదట చెట్టు మీదినుంచి పడినవాడి సంగతి. తాటిచెట్టు గీయడం రోజుకు రెండు పూటల పని. నడుముకు మోకు, పాదాలకు బంధం, మొలన కత్తి, వీపున ముంత. అంతెత్తున ఒంటిచేత్తో గెలను పలచగా చెక్కి, కారే నీటికి ముంత కట్టి దిగాలి. ముంత లోపల సున్నం పూస్తే పులవక తియ్యగా ఉంటుంది, పూయకపోతే దిగేలోగానే పులుపు మొదలవుతుంది. వానకు చెట్టు జారినా, మోకు అరిగినా మనిషి దక్కడు, దక్కినా నడుము దక్కదు. శెట్టిబలిజ, గౌడ, ఈడిగ కుటుంబాలు తరతరాలుగా చేసిన పని ఇది. నేను పనిచేసిన ఒక ఊళ్ళో ఏడవ తరగతి పిల్లవాడొకడు ఉన్నట్టుండి బడి మానేశాడు. తండ్రి చెట్టు మీదినుంచి పడి పోయాడు. తోపులోని దయ్యం తోసిందని ఊరంతా అన్నది, ఇంట్లోవారూ అదే నమ్మారు. దయ్యం తోసిన చావుకు పంచనామా ఎవరు రాయిస్తారు? కాగితం లేనిదే పరిహారం ఎవరు ఇస్తారు? ఏడాది తిరగకుండా ఆ పిల్లవాడు తండ్రి మోకు కట్టుకున్నాడు. హాజరుపట్టీలో అతని పేరు ఎర్రసిరాతో కొట్టివేసింది నేనే, అది నా విధి. ఆ తోపులో దయ్యం ఉందని ఇప్పటికీ చెబుతారు, అరిగిన మోకు సంగతి ఎవరూ చెప్పరు.

ఇక కొట్టు సంగతి. మనం ఎక్సైజు అంటున్నదాన్ని మా చిన్నతనంలో పెద్దలు ఆబ్కారీ అనేవారు. పారసీకంలో ఆబ్ అంటే నీరు, కారీ అంటే పని. నీళ్ళ పని అనే ఇంత అమాయకమైన మాట సర్కారు బొక్కసానికి పెద్ద దిక్కయింది. మద్రాసు ఆబ్కారీ చట్టం 1886లో వచ్చింది. లైసెన్సు లేకుండా కాయడం నేరమైంది. కల్లుకు గీసే చెట్టుకు పన్ను, అమ్మే కొట్టుకు వేలంపాట. పాట పెరిగినకొద్దీ పాటదారుకు అమ్మకం పెంచక తప్పదు. కొట్టువాడు అరువు పెడతాడు, తాగేవాడు కోతల నాటి కూలిని ముందే రాసి ఇస్తాడు. ఆ పద్దు చిట్టాలో కూర్చున్న దయ్యం తోపులోని దయ్యం కంటే బలమైనది. తండ్రి పోయినా కొడుకును వదలదు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది, బెజవాడ ఆనకట్ట ఆ వెంటనే వచ్చింది. ఏలూరులో గోదావరి కాలువా, కృష్ణా కాలువా కలుసుకున్నాయి. పడవలు, సరంగులు, లాకుల దగ్గర ఆగే బేరగాళ్ళు, కోతలకు వచ్చే వలస కూలీలు అందరూ ఆ నీటిదారి మీదే తిరిగారు. జనం ఆగేచోట కొట్టు వెలిసింది. కొట్టుకూ కాలువకూ మధ్య దూరం నాలుగడుగులు. తాగి లేచినవాడు ఆ నాలుగడుగులు తప్పితే తెల్లవారి లాకు తలుపుల దగ్గర తేలేవాడు. అతడిని జలపిశాచం లాగిందన్నారు. గట్టున ఒక దీపం, ఒక పిట్టగోడ ఉంటే ఆ పిశాచానికి అంత బలం ఉండేదా?

మన సాహిత్యం ఈ చోటును చూడకపోలేదు. గురజాడవారి కన్యాశుల్కం 1909 నాటి కూర్పులో సారాదుకాణం ఒక రంగం. బైరాగీ, హవల్దారూ అక్కడ చేరి వేదాంతం మాట్లాడతారు. అదే నాటకంలో పూజారి గవరయ్య దయ్యాన్ని సీసాలో బంధించానని చెప్పి జనాన్ని హడలగొడతాడు. గురజాడవారు వేరు వేరు రంగాల్లో పెట్టిన ఈ రెండు సీసాలనూ నేను పక్కపక్కన పెట్టి చూస్తాను. ఒక సీసాలో సారా, రెండో సీసాలో దయ్యం. మొదటి సీసా చేసిన పనికి నింద రెండో సీసా మీదికి పోవడం మన ఊళ్ళ అలవాటు.

సీసాలో నిజంగా ఉన్న దయ్యం పేరు మిథనాలు. బెల్లపు ఊటను కాస్తే వచ్చే సారాలో అది స్వల్పం. పరిశ్రమల్లో వాడే మిథనాలును చవకగా దొరికిందని కలిపినప్పుడే ప్రాణాంతకం. తాగినప్పుడు తేడా తెలియదు, మామూలు కైపే. కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు ఒక రోజు గడిచాక కాలేయంలో అది ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. కళ్ళముందు మంచు కమ్మినట్లవుతుంది, చూపు పోతుంది, ఊపిరి ఎగబీలుస్తుంది. తాగింది నిన్న, చచ్చింది నేడు కాబట్టి ఊరు ఈ రెండింటినీ ముడివేయదు. గాలి సోకిందంటుంది. వెంటనే ఆసుపత్రికి చేరిస్తే విరుగుడు మందులున్నాయి, రక్తశుద్ధి ఉంది. వేపమండలు పట్టుకుని గడిపిన ప్రతి గంటా ప్రాణం మీదికి వస్తుంది. ఈ టపాలో మీరు ఒక్క వాక్యమే గుర్తు పెట్టుకోదలిస్తే ఇదే పెట్టుకోండి: తాగిన మరునాడు చూపు మసకబారితే అది దయ్యం కాదు, విషం.

కొట్లు మూసివేస్తే సరిపోతుందా? మూశారు, తెరిచారు, మళ్ళీ మూశారు. 1937లో సేలం జిల్లాలో మొదలైన నిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా వచ్చింది. ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డాక గీతకార్మికుల బతుకుతెరువు ప్రశ్న ముందుకు వచ్చింది. రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తివేయమన్నది, గౌతు లచ్చన్నగారు గీతకార్మికుల పక్షాన నిలిచారు. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఈ నిషేధం మీదనే శాసనసభలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. తుపాకికి రొమ్ము చూపిన మనిషి కుర్చీని కల్లుముంత కదిలించింది. ఇరుపక్షాలా న్యాయం ఉన్న తగవు అది, నవ్వదగింది కాదు.

1980లలో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో అందించిన పథకానికి వారుణి వాహిని అని పేరు పెట్టారు. వారుణి అంటే పాలకడలి చిలికినప్పుడు పుట్టిన మద్యదేవత. పేరు పెట్టినవారికి సంస్కృతం బాగానే వచ్చు. ఆ ప్యాకెట్లను ఎదిరించినవారికి అక్షరాలు కూడా కొత్తే. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మగారూ తోటి స్త్రీలూ రాత్రిబడిలో సాక్షరతా వాచకం చదువుకుంటూ, అందులోని సీతమ్మ కథ తమ కథేనని గుర్తించారు. 1992లో ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి వేలంపాటలను అడ్డుకుంది. 1993లో సారాపై నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు. నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినవాడిగా ఒక్క మాట చెబుతాను. వాచకంలోని ఒక పాఠం ఇంత పని చేయడం నేను మరెక్కడా చూడలేదు. ఆ స్త్రీలు మగవాళ్ళకు దయ్యం పట్టిందని దిష్టి తీయలేదు. కొట్టు ఎవరిది, పాట ఎంత, లాభం ఎవరికి అని అడిగారు.

ఆ ప్రశ్నలు పాతబడలేదు. 2015 డిసెంబరులో విజయవాడ కృష్ణలంకలోని ఒక బారులో తాగినవారిలో ఐదుగురు మరణించారు. తప్పు మద్యంలో ఉందని మొదట అందరూ అనుకున్నారు. తాగునీటి కూలరులో సయనైడు ఉన్నట్లు ఫోరెన్సిక్ పరీక్షలో తేలిందని వార్తలు వచ్చాయి. 2022 మార్చిలో మా జిల్లాలోనే జంగారెడ్డిగూడెంలో కొద్ది రోజుల్లో పలువురు మరణించారు. నాటుసారా వల్లనేనని కుటుంబాలవారూ ప్రతిపక్షమూ అన్నారు, సహజమరణాలని ప్రభుత్వం అన్నది. శాసనసభ దద్దరిల్లింది. ఆ వాదంలో తీర్పు చెప్పడానికి నేను చాలను. కాని చావుకు కారణం ఒప్పుకోవడంలో రెండు మాటలు వచ్చినప్పుడల్లా ఊరు తనదైన మూడో మాట కల్పించుకుంటుంది. ఆ మూడో మాటే మనవలకు కథగా చేరుతుంది. ఇంకో ఇరవై ఏళ్ళకు అక్కడా ఏదో అరుగు మీద ఎవరో చుట్టకు నిప్పు అడుగుతున్నాడని చెప్పుకుంటారేమో.

అందుకే నాదొక విన్నపం. మీ ఊళ్ళోనూ ఇటువంటి పాత కల్లుపాకో సారాకొట్టో ఉండి ఉంటుంది, దానికో దయ్యమూ ఉండి ఉంటుంది. కథ విన్నప్పుడు భయపడండి, సరదాగా ఉంటుంది. ఆ తరువాత ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి: ఆ మనిషి పేరేమిటి, ఏ ఏడాది పోయాడు, ఎలా పోయాడు, అతని పిల్లలు ఏమయ్యారు అని. చెప్పగలిగినవారు తొంభైల్లో పడ్డారు, ఆలస్యం చేయకండి. తెలిసింది నాలుగు వాక్యాలైనా తెలుగులో రాసి పెట్టండి. పేరంటాల కనుమలా కాలువలకు పేర్లు పెట్టే శక్తి మనకు లేదు. చచ్చినవాడిని పేరుతో తలచుకునే శక్తి మాత్రం ఉంది. అలా తలచుకున్ననాడు, వ్యాకరణానికి విరుద్ధమైనా సరే, వికృతి మళ్ళీ ప్రకృతి అవుతుందని నా ఆశ.

సెలవు.