తారీఖ్‌లో లేని ఆడవాళ్లు

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. మన జిల్లా తారీఖ్ చెప్పమంటే నిజాంసాగర్, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ, 1948 సెప్టెంబర్ 17 అని మూడు ముక్కల్లో తేల్చేస్తాం. ఆ 17 విమోచనమా, విలీనమా అని ఏటా బహస్ చేస్తాం. ఆ రోజుల్లో ఇంటి ఆడవాళ్లు ఏం చూశారో ఆ బహస్‌లోకి రాదు.

ఇది ఒక్క మన కథే కాదు. 1519లో స్పెయిన్ ఫౌజు మెక్సికో తీరంలో ఒక యుద్ధం గెలిచింది. ఓడినవాళ్లు సర్దార్ కోర్టెస్‌కు 20 మంది ఆడవాళ్లను అప్పగించారు. వాళ్లలో ఒక కనీజ్ మలిన్‌ట్సిన్. రెండు దేశీ జబాన్‌లు తెలిసిన ఆమె కోర్టెస్‌కు తర్జుమాన్ అయింది. తర్వాతి మెక్సికో ఆమెను గద్దార్ అంది. ఆమె తన చేత్తో రాసింది ఒక్క అక్షరమూ మిగల్లేదు. అమెరికా చరిత్రకారిణి కెమిల్లా టౌన్సెండ్ స్పెయిన్ వాళ్ల కాగితాలతో పాటు నావాట్ల్ భాషలోని రాతలూ చదివి, 2006లో ఆమె మీద పుస్తకం తెచ్చారు. అది చదివితే సవాల్ తిరగబడుతుంది: చిన్నప్పుడే బానిసగా చేతులు మారిన పిల్లకు, ద్రోహం చేయడానికి కౌమ్ అంటూ ఏది మిగిలింది?

మన విషయంలో ఒక సర్కారీ కాగితం ఉంది. పోలీస్ యాక్షన్ తర్వాత నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ బృందం 1948 చివర్లో హైదరాబాద్ రియాసత్ జిల్లాలు తిరిగింది. 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా కట్టింది. రజాకార్ల జుల్మ్‌నూ, ఆ తర్వాత ముస్లింల మీద జరిగిన జుల్మ్‌నూ రాసింది. ఆడవాళ్ల మీద అత్యాచారాలు, వాళ్లను ఎత్తుకుపోవడాలు కూడా రాసింది. ఆ రిపోర్టును దశాబ్దాల పాటు బయట పెట్టలేదు. అందులోనూ ఆడవాళ్లు మజ్లూమ్‌లుగానే కనిపిస్తారు, వాళ్ల గొంతు వినపడదు.

ఆ గొంతు వినే పని స్త్రీశక్తి సంఘటన చేసింది. తెలంగాణ సాయుధ పోరాట కాలపు ఆడవాళ్లను కలిసి, వాళ్ల మాటలతోనే 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. అందులో ఐలమ్మ, స్వరాజ్యంతో పాటు హైదరాబాద్ జమాలున్నిసా బాజీ కూడా మాట్లాడారు.

మరి ఏ పార్టీలోనూ లేకుండా, ఇంట్లో ఉండి ఆ రోజులు చూసిన మన నానీమాలు, దాదీమాలు? అప్పటి పదేళ్ల పిల్లలకు ఇప్పుడు ఎనభై అయిదు దాటాయి. ఇజ్జత్ పేరు చెప్పి వాళ్ల నోరు కట్టేసింది మనవాళ్లే. ఏ ఊరు వదిలి వచ్చారు, ఎవరు దాచారు, ఎవరు తిరిగి రాలేదు, అడగండి. చెప్పనంటే ఆ ఖామోషీ ఆమె హక్. చెబితే మాత్రం సరిదిద్దకండి. ఆమె జబాన్‌లోనే, ఆమె పేరుతో, తారీఖ్ వేసి రాసుకోండి.